బజ్జీల బండికి చోటెక్కడ?

మధ్యాహ్నం కడుపునిండా భోంచేసిన మనిషికి సాయంత్రం 5 గంటలకు ఆకలి వేయవలసిన పని లేదు. అయినా కాళ్ళు వీధి మొగవైపు లాగుతాయి. దీనికి పెద్దలు జిహ్వచాపల్యం అని పేరు పెట్టారు. ఆ మాటలో కాస్త మందలింపు ఉన్నది నిజమే గాని, మందలించిన పెద్దలు సైతం వేడివేడి మిరపకాయ బజ్జీని చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి చేతికిస్తే కాదన్న దాఖలాలు లేవు. విజయవాడలో ఈ చాపల్యాన్ని ఎక్కువగా తీరుస్తున్నది పెద్ద హోటళ్ళు కావు, నాలుగు చక్రాల తోపుడు బండ్లు. నగరం వాటి దగ్గర తింటున్నది, వాటిని తరుముతున్నది కూడా. ఈ రెండు పనులూ ఒకే నగరం ఎంతకాలం చేస్తుందన్నది ఆలోచించవలసిన విషయం.

పునుగుల సంగతే తీసుకుందాం. పొద్దున ఇడ్లీకి, అట్టుకు పోను మిగిలిన పిండి సాయంత్రానికి కొంచెం పులుస్తుంది. ఆ పులుపే పునుగుకు ప్రాణం. అందులో కాస్త బియ్యప్పిండో, మైదాయో కలిపి, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు వేసి, వేళ్ళ కొసలతో కాగిన నూనెలోకి గోలీకాయలంతేసి జారవిడిస్తే చిట్టి పునుగులు తయారు. పారబోయవలసిన పిండిని పారబోయలేని ఇళ్ళలో పుట్టిన వంట ఇది. పక్కన పల్లీ పచ్చడి ఒకచోట, అల్లం పచ్చడి ఒకచోట, శనగపిండితో ఉడికించే బొంబాయి చట్నీ మరొకచోట. ఫలానా వీధి పునుగులకు సాటి లేదని ఒకరంటే, పునుగులు సరే, పచ్చడి మాత్రం పక్క వీధిదేనని ఇంకొకరంటారు. ఎన్నికల గురించి కూడా మనవాళ్ళు ఇంత పట్టుదలగా వాదించుకోరు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెత ఊరికే పుట్టలేదు.

పిడతకింద పప్పు అన్న పేరు ఇతర ప్రాంతాల నుంచి వచ్చినవారికి వింతగా తోస్తుంది. మరమరాలు, వేయించిన పప్పులు పళ్ళెంలో రాశిగా పోసి, నిప్పులు వేసిన చిన్న మట్టి పిడతను ఆ రాశిమీద కూర్చోబెడతారు. ఆ సెగకు సరుకు మెత్తబడక కరకరలాడుతూ ఉంటుంది. అడిగినవారికి ఉల్లిపాయ, కారం, మసాలా, నిమ్మరసం కలిపి పొట్లం కట్టి ఇస్తారు. ఇక వేసవిలో తాటిముంజలు, చెరకు రసం, వానాకాలంలో బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, చలికాలంలో తేగలు. ఏ రుతువు నడుస్తున్నదో తెలియడానికి పంచాంగం చూడనక్కర లేదు, వీధి మొగలో నిలబడితే చాలు.

గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ వెన్న వేసిన ఇడ్లీకి, కారప్పొడికి పొరుగు జిల్లాలలో కూడా పేరున్నది. ఆ పేరులోనే చుట్టరికం ఉన్నది చూడండి. రుచిగా పెట్టేవారిని మనవాళ్ళు ఇంటిపేరుతో పిలవడం తక్కువ. బాబాయ్, పిన్ని, అక్క, మామ్మ అని వరస కలుపుకోవడమే ఎక్కువ. రాత్రి 9 గంటలకు అట్ల బండి దగ్గర నిలబడి “పిన్నీ, ఇంకొకటి ఎర్రగా కాల్చు” అన్న మనిషే, మరునాడు పొద్దున ఆ బండి ఆక్రమణ అని ఫిర్యాదు రాయడం కద్దు. వరస కలిపినప్పుడు లేని ఆక్రమణ తెల్లవారేసరికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

బండి దగ్గర తినేవారంతా సరదాకే తింటున్నారనుకోవడం పొరపాటు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే కార్మికులు, కాళేశ్వరరావు మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీలు, వన్‌టౌన్ బట్టల కొట్లలో ఉదయం నుంచి నిలువుకాళ్ళ మీద ఉండే గుమాస్తాలు, ఆటో నడిపేవారు, పల్లెల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు, రాత్రి డ్యూటీకి వెళ్ళే నర్సులు, ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కవలసిన ప్రయాణికులు, వీరందరికీ 20, 30 రూపాయలకు వేడిగా ఏదో ఒకటి చేతికిచ్చేది ఆ బండి ఒక్కటే. అదే పునుగుల ప్లేటును ఫోను నొక్కి ఇంటికి తెప్పించుకుంటే ప్యాకింగు, డెలివరీ రుసుములు కలిసి సరుకు ఖరీదును దాటిపోతాయి. పైగా పునుగు చల్లారి వస్తుంది. చల్లారిన పునుగు గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

పేదల ఆకలికి 5 రూపాయల అన్న క్యాంటీన్లు ఉన్నాయి గదా అనవచ్చు. 2018లో మొదలై, 2019లో మూతబడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో తిరిగి ప్రారంభమైన ఈ క్యాంటీన్లు మంచి పని చేస్తున్నాయి. కాదనడం లేదు. కాని అవి మూడు పూటల తిండికి సంబంధించినవి. ఆ పూటలకు నడుమ మనిషికి వేరొకటి కావాలి. దాన్ని విలాసం అనకూడదు. రోజంతా వెల్డింగు చేసిన కుర్రవాడు తోటివాళ్ళతో కలిసి నిలబడి నాలుగు బజ్జీలు తిని, గోలీసోడా తాగి, పది మాటలు మాట్లాడుకుంటేనే ఆ రోజు అతనికి పని నుంచి విడుదల. డబ్బున్నవారికి ఇందుకు క్లబ్బులున్నాయి.

ఇటువంటి బండికి నగరంలో నిలకడైన చోటు లేదు. దసరా ఉత్సవాలు వచ్చినా, ప్రముఖులు వచ్చినా, రోడ్డు వెడల్పు చేసినా ముందు కదలవలసింది తోపుడు బండి. పోనీ ట్రాఫిక్ సమస్య లేదా అంటే ఉన్నది. బీసెంట్ రోడ్డులోను, ఏలూరు రోడ్డులోను సాయంత్రం పూట నడిచినవారెవరూ లేదనరు. అంబులెన్సుకు దారి ఉండాలి, కాలిబాట నడిచేవారికి మిగలాలి. అయితే లెక్క సరిగా వేయాలి. బండి ఆక్రమించేది ఆరడుగుల చోటు. దాని చుట్టూ తినవచ్చినవారు అడ్డదిడ్డంగా ఆపిన మోటారు సైకిళ్ళు ఆక్రమించేది దానికి పదింతలు. బండి లాగేసుకుపోయే లారీ వస్తుంది గాని ఆ మోటారు సైకిళ్ళ జోలికి వెళ్ళేవారు తక్కువ. రోడ్డు పక్కన రోజంతా కారు నిలిపితే అది పార్కింగు, మూడు గంటలు బండి నిలిపితే అది ఆక్రమణ అనే లెక్క మాకు అర్థం కావడం లేదు.

ఈ విషయంలో చట్టం లేదని ఎవరూ అనడానికి వీలు లేదు. కాలిబాట మీద వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, దానిపై సహేతుకమైన ఆంక్షలు ఉండవచ్చునని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాతికేళ్ళకు, 2014లో, వీధి విక్రేతల జీవనోపాధి రక్షణకు, క్రమబద్ధీకరణకు పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో విక్రేతల సర్వే జరగాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. తరలించక తప్పకపోతే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పాడైపోయే సరుకు స్వాధీనం చేసుకుంటే యజమాని వచ్చి అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం సభ్యులు విక్రేతలే ఎన్నుకున్నవారై ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. 50 ఏళ్ళకు పైబడి విక్రయాలు సాగుతున్న సహజ మార్కెట్టును వారసత్వ మార్కెట్టుగా ప్రకటించాలి, అక్కడివారిని కదిలించరాదు.

పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా విక్రేతలకు చోటు చూపాలని కూడా ఆ చట్టమే చెబుతున్నది. 2011 జనాభా లెక్కల నాటికే విజయవాడ నగరపాలక సంస్థ పరిధిలో జనాభా 10 లక్షలు దాటింది. అంటే ఆనాటి లెక్కన చూసినా పాతికవేల మందికి పైచిలుకు చోటుండాలి. ఎక్కడెక్కడ ఎంతమందికి చోటు చూపారో, విక్రయ మండలాల హద్దులు ఏ వార్డులో ఎక్కడి నుంచి ఎక్కడికో, కమిటీ ఎన్నిసార్లు సమావేశమైందో నగరపాలక సంస్థ వారు వార్డు సచివాలయాల గోడల మీద జాబితాలు అంటించి ప్రజలకు తెలియజేయాలని కోరుతున్నాము. హద్దు రాయి లేని పొలంలో తగవు తప్పదు గదా. వీధిలోనైనా అంతే. హద్దు తెలియని చోట బండివాడు ఎవరో ఒకరికి నమస్కారం పెట్టుకోవలసి వస్తుంది, వట్టి నమస్కారంతో పని జరగదన్న సంగతి వేరే చెప్పనక్కర లేదు.

2024 జనవరిలో హైదరాబాదులో జరిగింది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మాదాపూర్ వైపు మధ్యాహ్న భోజనం అమ్మే ఒక మహిళ బండిని ట్రాఫిక్ కారణం చూపి పోలీసులు తీయించారు. అప్పటికే సామాజిక మాధ్యమాలలో ఆమెకు పేరు వచ్చి ఉన్నందున పెద్ద దుమారం లేచింది. చివరకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకొని అదే చోట అమ్ముకోనివ్వాలని ఆదేశించారు. ఆమెకు మేలు జరిగినందుకు సంతోషమే. కాని ఒక భోజనాల బండి నిలబడడానికి ముఖ్యమంత్రి మాట అవసరమైందంటే పదేళ్ళనాటి చట్టం ఏ బీరువాలో ఉన్నట్లు? ఎవరూ వీడియో తీయని బండ్లు వేలకు వేలున్నాయి. వాటి తరఫున ఎవరు ఎవరికి ఫోను చేస్తారు?

ఇంతవరకు చెప్పినది ఒక వైపు. రెండో వైపు చూడకుండా బండ్లవారిని వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు. తినేవాడి ఆరోగ్యం కూడా ఆ బాండీలోనే ఉన్నది.

మొదటిది నూనె. నిన్నటి నూనెలో ఇవాళ్టి నూనె కలిపి, నల్లబడి, నురగ కట్టి, చిక్కబడినా అదే బాండీలో వేయించడం చాలాచోట్ల కనిపిస్తుంది. మళ్ళీ మళ్ళీ కాగిన నూనెలో పుట్టే హానికర పదార్థాలు 25 శాతం మించితే ఆ నూనెను వంటకు వాడరాదని 2018 జూలై 1 నుంచి దేశమంతటా నిబంధన ఉన్నది. బండివాడి దగ్గర దాన్ని కొలిచే పరికరం ఉండదు. అతనికి తెలిసింది నూనె డబ్బా ధర. 2024 సెప్టెంబరులో వంటనూనెల దిగుమతి సుంకం పెంచినప్పుడు ఆ బరువు బాండీ దాకా వచ్చింది. 2025 మే నెలాఖరులో ముడినూనెలపై సుంకం తగ్గించారు. డబ్బా ధర పెరిగితే ప్లేటు ధర పెంచడానికి బండివాడు జంకుతాడు. పాత నూనెను ఇంకొక రోజు లాగడం అతనికి తేలికైన దారి. వాడిన నూనెను సేకరించి బయోడీజిలుకు పంపే ఏర్పాటు దేశంలో ఉన్నది గాని, లెక్కలు రాసి ఉంచవలసిన నిబంధన రోజుకు 50 లీటర్లు దాటి వాడే పెద్ద సంస్థలకే. రెండు లీటర్ల బాండీ దాని కంటికి ఆనదు. బండ్లు గుమిగూడే ప్రతి చోట నగరపాలక సంస్థ ఒక పీపా పెట్టి, వాడిన నూనెకు లీటరుకు ఇంతని అక్కడే చేతికి ఇప్పించే ఏర్పాటు చేస్తే నల్లనూనె చాలావరకు దానంతట అదే బాండీ దిగుతుంది.

రెండవది నీరు. ఒక్క బకెట్టులో సాయంత్రం నుంచి రాత్రి వరకు ప్లేట్లు ముంచి తీయడం అసహ్యం, ప్రమాదం కూడా. అది తప్పించుకోవడానికి ప్లేటు మీద పల్చని ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద కాగుతున్న సాంబారు పోయడం మరొక అలవాటైంది. ఒక రోగానికి మందు ఇంకొక రోగం. అయితే బండివాడు నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలి? 2018 మార్చిలో గుంటూరులో ప్రాణాలు తీసిన అతిసారం బండి నుంచి రాలేదు, మంచినీటి గొట్టాలలోకి మురుగు చేరినందున వచ్చింది. ఊరు ఇచ్చే నీటిని మించిన శుభ్రత ఆ ఊళ్ళోని బండికి రాదు. కుళాయి ఒకటి, మురుగు పోయే దారి ఒకటి చూపించిన తరువాత తనిఖీలకు వెళితే ఆ తనిఖీకి ఒక అర్థం ఉంటుంది.

కొత్త రుచులతో కొత్త ప్రమాదాలు కూడా వస్తున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ మరణించి, పలువురు అస్వస్థులైన తరువాత పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. మన బజ్జీ మరుగుతున్న నూనెలో నుంచి నేరుగా చేతికి వస్తుంది కనుక కొంత నయం. అన్నీ అలా రావు. గంటల తరబడి మూత లేకుండా ఉంచిన కొబ్బరి పచ్చడి, కోసి పెట్టిన పండ్ల ముక్కలు, ఎక్కడ గడ్డకట్టించారో తెలియని ఐసు, వీటి విషయంలో తనిఖీ అధికారులు ఎంత కఠినంగా ఉన్నా మేము హర్షిస్తాము.

మూడవది కాగితం. తినుబండారాలు వార్తాపత్రికలలో చుట్టరాదని 2018లో ప్యాకింగు నిబంధనలు వచ్చాయి. సిరాలోని రసాయనాలు వేడి నూనెతో కలిసి తిండిలోకి దిగుతాయి. 2023 సెప్టెంబరులో ఆహార భద్రతా సంస్థ దీన్ని మళ్ళీ హెచ్చరించింది. ఉదయం సంపాదకీయం చదవని పాఠకుడు సాయంత్రం బజ్జీల పొట్లం విప్పి చదివే సందర్భాలు లేకపోలేదు. పాఠకులు పెరగడం ఏ పత్రికకైనా ఆనందమే గాని ఈ దారిన వద్దు. కొల్లిపర వైపు అరటి తోటలు నగరానికి ఎంతో దూరంలో లేవు, ఏజెన్సీ గిరిజనులు కుట్టే అడ్డాకు విస్తళ్ళు ఉన్నాయి. దొన్నెలో పెట్టిన పునుగుల రుచి ప్లాస్టిక్‌లో పెట్టినదానికి రాదని తిన్నవారికి తెలుసు.

ఇన్ని చేయమంటే బండివాడి చేతిలో డబ్బుండాలి. చేతికి 9,000 ఇచ్చి, 10,000 రాయించుకొని, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేసే అప్పు మన బజార్లలో అందరూ ఎరిగినదే. సాలుకు లెక్కగడితే నూటికి 75 రూపాయలు దాటే వడ్డీ అది. 2015 డిసెంబరులో ఈ నగరంలోనే బయటపడ్డ కాల్‌మనీ ఘోరాలు అటువంటి అప్పులు ఎంతదాకా పోతాయో చూపించాయి. 2020 జూన్‌లో కేంద్రం పి.ఎం. స్వనిధి పథకం పెట్టి హామీ లేకుండా 10,000 అప్పు, సక్రమంగా కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 ఆగస్టులో దాన్ని 2030 మార్చి వరకు పొడిగించి తొలి విడత 15,000కు, రెండో విడత 25,000కు పెంచారు, మూడో విడత 50,000. మంచి పథకమే. కాని బ్యాంకు అప్పు ఇచ్చిన బండిని మరొక శాఖవారు లారీ ఎక్కించుకుపోతే వాయిదా ఎవరు కట్టాలి? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు తోపుడు బండ్లు పోయినవారికి కూడా ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. బండి ఒక ఆస్తి అని, అది పోతే ఒక సంసారం వీధిన పడుతుందని నాడు ప్రభుత్వమే ఒప్పుకున్నది. వరదలో పోయిన బండికి ఉన్న విలువ లారీ ఎక్కిన బండికి కూడా ఉంటుంది.

బండ్లన్నిటినీ తీసి దూరంగా ఒక ఫుడ్ కోర్టులో పెడితే సరిపోతుందని కొందరు సూచిస్తుంటారు. రంగు దీపాలు, ఫొటోలు దిగే బొమ్మలు, వాహనాలకు విశాలమైన స్థలం, చూడడానికి బాగానే ఉంటుంది. అద్దె వేలం పాడుకున్నవాడు ఆ అద్దెను పునుగుల మీదనే రాబట్టుకోవాలి కనుక 30 రూపాయల ప్లేటు 80 అవుతుంది. కారున్న కుటుంబం ఆదివారం వెళ్ళి వస్తుంది. ఆటోనగర్ కార్మికుడు 5 కిలోమీటర్లు నడిచి పునుగులకు వెళ్ళడు. బండి బలం అది మనిషి ఉన్న చోట ఉండడంలోనే ఉన్నది. ఆసుపత్రి ముందు, బస్టాండు పక్కన, ఫ్యాక్టరీ గేటు దగ్గర, కాలేజీ మలుపులో చోటు చూపాలి గాని, ఖాళీగా ఉన్న స్థలమేదో చూసి అక్కడికి పొమ్మంటే అది తొలగింపే అవుతుంది.

తినేవారు చేయవలసినది కూడా కొంత ఉన్నది. మోటారు సైకిలు పది గజాల అవతల నిలిపి నడిచి రావచ్చు. పార్శిలుకు ఇంటి నుంచి స్టీలు గిన్నె తెచ్చుకోవచ్చు, మన తల్లిదండ్రులు హోటలుకు క్యారియరు పట్టుకుపోయినవారే. నూనె నల్లగా కనిపిస్తే ఆ మాట మొహమాటం లేకుండా అడగవచ్చు. సినిమా హాలులో మొక్కజొన్న పేలాలకు కిక్కురుమనకుండా వందలు పెట్టి వచ్చి, బండి దగ్గర బజ్జీకి 5 రూపాయలు పెంచినందుకు తగవు పడడం మాత్రం బాగుండదు.

నగరపాలక సంస్థ వారు వచ్చే దసరా లోపున ఒక్కో సర్కిల్‌లో కనీసం రెండేసి చోట్లను ఎంచుకొని, నేల మీద గీత గీసి, ఒక కుళాయి, ఒక దీపం, ఒక చెత్త డబ్బా, ఒక నూనె పీపా ఏర్పాటు చేసి, బండ్లకు వరస నెంబర్లు ఇవ్వాలి. వేళలు సాయంత్రం 4 నుంచి రాత్రి 11 వరకు ఉంటే చాలు. పొద్దుటి ఇడ్లీ బండ్లకు అవే చోట్లు ఉదయం పూట పనికివస్తాయి. ఇందుకు కోట్ల ప్రణాళికలు, కన్సల్టెంట్ల నివేదికలు అవసరం లేదు. గీత ఎక్కడ గీయాలో సందేహం వస్తే, సాయంత్రం 6 గంటలకు కార్యాలయం వదిలిన సిబ్బంది ఏ బండి దగ్గర ఆగుతున్నారో చూస్తే సరిపోతుంది.